నంబరు మీద పసుపు

కాయితాల మామ పోయాడని హిందూపురం నుంచి ఫోను వచ్చేటప్పటికి మా అంగడి ముందు కొత్త పట్టుదారం బేళ్లు దింపుతున్నారు. నాయన ఫోను నా చేతికిచ్చి మెట్టు మీద కూర్చుండిపోయాడు. దింపేవాళ్లు దింపుతూనే ఉన్నారు.

ఆయన మాకు చుట్టమేమీ కాదు. పెనుకొండలో పుట్టి, హిందూపురంలో ఒక చిన్న గదిలో కూర్చుని, బయటి దేశాల సరుకు తెప్పించుకునేవాళ్లకు కస్టమ్స్ కాగితాలు రాసిపెట్టేవాడు. ధర్మవరంలో దారం అమ్ముకునే మాకు ఆయన మామే. ఎంత తొందర మీద వెళ్లినా "అన్నం తిన్యావా పాపా?" అని అడిగాకే కాగితం ముట్టేవాడు. లేదంటే తన డబ్బాలోని చిత్రాన్నం మూతలో పెట్టి ఇచ్చేవాడు. ఆయన సంచిలో కాగితాలతో పాటు దబ్బనం, పురికొస కూడా ఉండేవి. కస్టమ్స్ పనికి దబ్బనం ఎందుకు మామా అని నేను నవ్వేదాన్ని.

ఒకసారి చైనా నుంచి వచ్చిన దారం మగ్గం మీద నిలవలేదు. ఒక బేలు విప్పి నేతగాళ్లకు ఇస్తే, ఊరికే తెగిపోతోందని అందరూ తిరిగి తెచ్చి పడేశారు. పంపినవాడు మంచివాడే. విప్పని బేళ్లు వెనక్కి పంపితే వేరేవి ఇస్తానన్నాడు. అయితే అవి వాడు పంపినవేనని కస్టమ్స్ వాళ్లు బేళ్ల మీద వేసిన నంబర్లు సరిచూసి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఆ దారమంతా మా నెత్తినే, నాయన అంగడి మూసుకోవాల్సిందే.

ఆ నంబర్లేమో పసుపు కింద ఉన్నాయి. సరుకు దిగగానే మా అవ్వ ప్రతి బేలుకూ అరచేతి నిండా పసుపు మెత్తి, నడిమధ్యన కుంకుమ పెట్టింది. కొత్త సరుకుకు మా ఇంట్లో ఎప్పుడూ చేసేదే. ఆ నడిమధ్యనే నంబరుందని ఎవరు చూశారు? నాయన ఒకదాన్ని తడిబట్టతో తుడిస్తే పసుపుతో పాటు సిరా కూడా వచ్చేసింది.

మామ వచ్చి ఆ బట్ట లాక్కున్నాడు. "తుడిస్తే మనమే ఏదో దాచినట్లు అవుతాది గదప్పా. ఉండేది ఉండేట్లే రాద్దాం."

మూలన కూర్చున్న అవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది. "నా చేతులారా చెడగొడితి గదబ్బా" అంది.

మామ ఆమె పక్కనే కింద కూర్చున్నాడు. "ఇంటికి మంచి జరగల్లని పెట్టిన పసుపు అత్తా. దాంట్లో తప్పేముండాది? ఆఫీసరుకూ అదే చెప్తా." అవ్వ కుదుటపడేదాకా ఆయన సంచి విప్పలేదు.

బెంగళూరుకు తీసుకెళ్లిన పసుపుపచ్చటి బేళ్లు చూసి అక్కడి కస్టమ్స్ ఆఫీసరు మొహం చిట్లించాడు. మామ కన్నడంలో మెల్లగా చెప్పాడు, కొత్త సరుకుకు పూజ చేసుకున్నామని, అందుకే నంబర్లు కనపడటం లేదని, ఒక బేలు వాడేశామని, అన్నీ అర్జీలో రాశామని. లోపల ప్రతి కట్టకూ అదే నంబరుతో చీటీ ఉంటుంది, మీ ఎదుటే కుట్టు విప్పి చూడమన్నాడు. ఆఫీసరు అర్జీని, బేళ్లను మార్చి మార్చి చూసి సరేనన్నాడు. ఒక్కో మూల విప్పుతుంటే నాయన అటు చూడలేక గోడవైపు తిరిగాడు. చీటీల నంబర్లన్నీ కాగితాల్లోని వాటితో కలిశాయి. సంతకం అయ్యాక మామ సంచిలోంచి దబ్బనం తీసి, నేల మీద కూర్చుని విప్పిన మూలలన్నీ తానే కుట్టాడు. పురికొస అందించింది నేనే. ఈసారి నవ్వలేదు.

బదులు బేళ్లు వచ్చిన రోజు అవ్వ పసుపు ముట్టనంది. అది విని మామ బస్సెక్కి వచ్చాడు. "మానద్దత్తా, పెట్టు" అంటూ నంబరు మీద తన అరచెయ్యి అడ్డం పెట్టాడు. అవ్వ ఆ చేతి పక్కన బొట్టు పెట్టింది. అప్పటినుంచి మా ఇంట్లో అదే పద్ధతి. అవ్వ పోయాక బొట్టు పెట్టేది నేను, చెయ్యి అడ్డం పెట్టేది నాయన.

హిందూపురం వెళ్లి మామను సాగనంపి, ఇంటికొచ్చి స్నానాలు చేసేటప్పటికి సాయంత్రమైంది. బేళ్లు వాకిట్లోనే ఉన్నాయి.

"పెట్టు పాపా" అన్నాడు నాయన.

మొదటి బేలుకు పసుపు రాసి బొట్టు పెట్టాను. రెండో బేలు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. నాయన మొదటి బేలు నంబరు మీద నుంచి ఇంకా చెయ్యి తీయలేదు.