పోలయ్య చూపు

ముందే చెప్పేస్తున్నాను. క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు. మీరు క్షమిస్తే నాకు ఒరిగేదేమీ లేదు, తిడితే పోయేదీ లేదు. ఇన్నేళ్ళుగా ఒక మాట నా గొంతులోనే ఆగిపోయి ఉంది. అన్నం తింటుంటే అడ్డం పడుతుంది. పాఠం చెబుతుంటే అడ్డం పడుతుంది. ఎవరైనా నన్ను మెచ్చుకుంటే మరీ అడ్డం పడుతుంది. దాన్ని ఇవాళ బయటికి తీసి మీ ముందు పెడుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అదే నయం. తెలిసినవాళ్ళెదుటయితే ఇప్పుడు కూడా అబద్ధమే ఆడేదాన్నేమో.

నేను చేసింది మోసం. అయితే అది ఏ మోసమో తొందరపడి తేల్చేయకండి. సగం చదివేసరికి "ఓహో, ఇదా" అంటారు. అది కాదు. దానికి నేను సిగ్గుపడను.

మాది కృష్ణా జిల్లా. నాన్నకు పోర్టులో గుమాస్తా ఉద్యోగం రావడంతో నా చిన్నప్పుడే వైజాగ్ వచ్చేశాం. వన్ టౌన్‌లో అద్దె ఇల్లు. మేడ ఎక్కితే హార్బరంతా కనిపించేది. దివిసీమ ఉప్పెనలో మా పిన్నీ బాబాయీ పిల్లలూ కొట్టుకుపోయారు. శవాలు కూడా దొరకలేదు. నేనప్పుడు జాగ్రఫీలో ఎమ్మే చదువుతున్నాను. సముద్రం మీద వాయుగుండం ఎలా పుడుతుందో, ఎటు తిరుగుతుందో బోర్డు మీద గీసి చూపించేదాన్ని, భేష్ అనిపించుకునేదాన్ని. మా పిన్నికి మాత్రం "నీళ్ళొస్తున్నాయే, పిల్లల్ని తీసుకుని పరిగెత్తు" అని చెప్పిన మనిషి లేడు. నా చదువు మీద నాకే అసహ్యం వేసింది. అందుకే పరిశోధనకు ఆ విషయమే తీసుకున్నాను. తీరంలోని బడిపిల్లలకు తుఫాను గురించి ఎంత తెలుసు, ఎంత నేర్పవచ్చు. నవ్వినవాళ్ళు నవ్వారు. ఆడపిల్ల ఇసకలో తిరిగి డాక్టరేటు తెచ్చుకుంటుందట అన్నారు. తెచ్చుకున్నాను.

ఎనభైల మొదట్లో జాలరిపేటలోని ఒక బడికి వెళ్ళడం మొదలుపెట్టాను. వారానికి కొన్ని పీరియడ్లు నాకిచ్చారు. రేడియోలో తుఫాను కబురు ఎలా వినాలో నేర్పాను. ఇసకదిబ్బలు తవ్వేస్తే కెరటానికి అడ్డేముంటుందని చెప్పి, పిల్లల చేత దిబ్బల మీద సరుగుడు మొక్కలు నాటించాను. పోర్టు వాళ్ళు ఎక్కించే ప్రమాద సూచికల నంబర్లు పాటలాగా కట్టి పాడించాను. గడుగ్గాయిలు, అన్నీ పట్టేశారు. అందరిలోకీ చురుకైనది పైడమ్మ. పోలయ్య మనవరాలు.

పోలయ్య గురించి చెప్పాలంటే ఆ పేటలో ఉన్న పద్ధతి చెప్పాలి. వేటకు దిగే ముందు పేట తరఫున ఒక మనిషి తీరం వెంట వంపు దాకా నడిచి వెళ్ళి, అక్కడి నుంచి పోర్టు సిగ్నల్ స్తంభాన్ని చూసి రావాలి. తుఫాను ప్రమాదం ఉంటే పోర్టు వాళ్ళు ఆ స్తంభానికి పెద్ద పెద్ద నల్లటి గుర్తులు ఎక్కిస్తారు. ఏమీ లేకపోతే భయం లేనట్టు. గుర్తు కనిపిస్తే ఆ మనిషి తలపాగా విప్పి ఊపుతాడు, ఇక ఎంత మొనగాడైనా తెప్ప దించడు. ఈ పనికి కూలి లేదు. వేట నుంచి రాగానే ప్రతి తెప్పవాళ్ళూ ఒక చేప తీసి అతని ముందు పెడతారు. దాన్ని వాళ్ళ యాసలో సూపు సేప అంటారు, చూపుకిచ్చే చేప. ఆ చేప ఎంత చిన్నదైనా సరే, పోలయ్య దాన్ని అందరికీ కనపడేలా చేత్తో ఎత్తి పట్టుకుని ఇంటికి నడిచేవాడు.

మంచి డాబుసరి మనిషి. దూరాన ఓడ కొయ్య మీద కాకి వాలితే అది మగదో ఆడదో చెబుతానని కోతలు కోసేవాడు. కల్లు పడితే ఆ కాకి ఏ ఊరిదో కూడా చెప్పేవాడు. సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకుని తిరిగే నన్ను చూసి నాలుగు కళ్ళ టీచరమ్మ అని పేరు పెట్టాడు. నాకు అతనంటే ఇష్టమే. ఇష్టం లేక చేసిన పని కాదిది. అది కూడా రాసుకోండి.

మా గైడు కాగితాలన్నీ చూసి పెదవి విరిచాడు. పిల్లలకు తెలిసిందని రాస్తే సరా, తెలిసింది ఇంటిదాకా వెళ్ళిందా, వాళ్ళ మాట విని ఒక్క తండ్రయినా ఆగాడా, అది చూపించు అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ చూపించాలంటే తుఫాను రావాలి. తుఫాను రావాలని కోరుకునే చదువు ఏం చదువు?

అంతలో ఒకరోజు బంగాళాఖాతంలో వాయుగుండం పడిందని రేడియోలో చెప్పారు. బడికి బయల్దేరే ముందు మేడెక్కి చూశాను. స్తంభం మీద ఏ గుర్తూ లేదు. ఆకాశం మాత్రం మూతి ముడుచుకుని ఉంది. బడి వదిలే వేళకు పిల్లల్ని నిలబెట్టి, పోర్టులో ప్రమాద సూచిక ఎక్కించారు, ఇవాళ ఎవరూ వేటకు దిగకూడదు, ఇంటికెళ్ళి చెప్పండి అన్నాను.

ఎందుకన్నాను? పిన్ని కోసమా? గైడు అడిగిన పేజీ కోసమా? ఇన్నేళ్ళు తవ్వుకున్నాను, ఎంత తవ్వినా రెండూ కలిసే వస్తున్నాయి, విడదీయలేను, విడదీసి మంచిదాన్ని మాత్రం మీకు చూపించే తెలివి నాకుంది గానీ ఆ పని చెయ్యదలుచుకోలేదు. రెండింటి కోసమూ అన్నాను.

పిల్లలు పరిగెత్తారు. అబ్బ, ఆ పరుగు మీరు చూడాల్సింది. ఒడ్డున తెప్పలు కడుతున్న మగవాళ్ళు మొదట నవ్వారు. వంపు దాకా వెళ్ళి స్తంభం చూసొచ్చిన పోలయ్య సెంబం మీద ఏటీ నేదర్రా, దిగండి అన్నాడట. ఆడవాళ్ళు వినలేదు. తెడ్లు ఎత్తుకుపోయి ఇళ్ళల్లో పెట్టి, గుమ్మాలకు అడ్డంగా కూర్చున్నారు. ఆ సాయంత్రం జాలరిపేట నుంచి ఒక్క తెప్ప కూడా దిగలేదు. నేను ఒడ్డున నిలబడి ఏడ్చాను, సంతోషంతో. ఇలాంటి ఒక్క బడిపిల్ల మా పిన్నికి ఉంటే అనుకుని ఏడ్చాను.

ఇక్కడ మీరు "ఓహో, ఇదా" అంటారు. పిల్లల నోటితో అబద్ధం ఆడించావా అంటారు. అవును, ఆడించాను. రేపు వాయుగుండం పడితే మళ్ళీ ఆడిస్తాను. పద్ధతులూ పరిశోధన మర్యాదలూ నాకు నేర్పవద్దు. శవాలు దొరకని ఇంట్లో పుట్టి వచ్చి అప్పుడు నేర్పండి. దీనికి నేను సిగ్గుపడనని ముందే చెప్పాను.

నా తప్పు ఆ తరవాత మొదలైంది.

వాయుగుండం దారి మళ్ళి సముద్రంలోనే చచ్చింది. మాకు చుక్క వాన కూడా పడలేదు. ఆ రాత్రి వేటకు దిగిన పక్క పేటవాళ్ళు తెప్పల నిండా వంజరం చేపలతో ఒడ్డెక్కారు. మా పేటలో పొయ్యి రాజెయ్యని ఇళ్ళున్నాయి. కడుపు మండినవాళ్ళు ఊరుకుంటారా? పెద్దలు బడి అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. నన్ను పిలిచారు. పోలయ్య కూడా ఒక పక్కన నిలబడ్డాడు. అడిగింది ఒక్కటే. సెంబం మీద గుర్తు ఉందా, నేదా?

లేదంటే ఏమవుతుంది? నన్ను తరిమేస్తారు. తరిమితే తరమనీ, ఇంకో ఊరు చూసుకునేదాన్ని. కానీ పిల్లల మాట? ఇక ఏ తల్లీ బిడ్డ మాట విని తెడ్డు దాచదు. నిజంగా తుఫాను వచ్చిన రోజున పైడమ్మ గొంతు చించుకున్నా నమ్మదు. నేను కట్టినదంతా ఒక్క మాటతో కూలిపోతుంది. ఉందంటే? ఉందంటే ఒక ముసలాయన చూపు తప్పిందంతే. ఇంత ఆలోచన నాకు అక్కడే, ఆ అరుగు మీదే, కళ్ళద్దాలు తుడుచుకున్నంతసేపట్లో వచ్చేసింది. చూశారా ఎంత చురుకైన బుర్రో!

ఉంది, మా మేడ మీంచి నేనే చూశాను, మర్నాడు పొద్దున్నే దింపేశారు అన్నాను. పోర్టుకు వెళ్ళి అడుగుదామని ఎవరికీ తోచలేదు. మా నాన్న పోర్టు మనిషి, నా మాటే పోర్టు మాట. తాత వైపు చూసి పైడమ్మే అంది, నీకు అవుపడనేదు తాతా అని. పిల్లది, తన టీచరు గెలిచిందని దాని సంబరం. ఆ పూటే చూపు పని ఇంకొకరికి ఇచ్చేశారు. సూపు సేప కూడా ఆ ఇంటికే వెళ్ళింది.

కొన్నాళ్ళకు పోలయ్య బడి దగ్గరికి వచ్చాడు, పిల్లలు వెళ్ళిపోయాక. కల్లు వాసన లేదు. తలపాగా చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"టీచరమ్మా, ఒక మాట అడుగుతాను, నిజిం సెప్పాల."

"అడుగు తాతా."

"నాను సూసినానమ్మా. తేరిపార సూసినాను. సెంబం మీద ఏటీ నేదు. నువ్వు ఉందంతన్నావు."

"ఉంది తాతా."

"నీ కళ్ళతో సూసినావా?"

"చూశాను. నీ కంటికి ఆనలేదేమో. వయసైంది కదా."

అతను కాసేపు నన్నే చూశాడు. కోపంగా చూడలేదు, చూసి ఉంటే నేను ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

"అయితే కళ్ళు పోనాయన్నమాట. సదువుకున్నదానివి, అబద్దం ఆడాల్సిన కర్మ నీకేటి? నానే ఎర్రిబాగులోణ్ణి, నానింకా కనపడతందనుకుంతన్నాను."

అదీ నా తప్పు. అరుగు మీద నలుగురిలో ఆడిన అబద్ధానికి ఏదో సాకు ఉంది. ఆ గుమ్మం దగ్గర సాకు లేదు. అక్కడ పేట లేదు, పిల్లలు లేరు, పిన్ని లేదు. "నీ కళ్ళు బంగారం తాతా, నేనే అబద్ధమాడాను, ఈ ఒక్కటీ కడుపులో పెట్టుకో" అంటే అతను పెట్టుకునేవాడు, నాకు తెలుసు. పేట చిన్నచూపు చూసినా తన చూపు తనకు దక్కేది. అది కూడా నేను లాక్కున్నాను. ఎందుకని నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో! జవాబు చాలా నీచంగా ఉంటుంది. ఒకసారి ఆడాక మళ్ళీ ఆడడం తేలిక. అంతే.

పోలయ్య వంపు వైపు వెళ్ళడం మానేశాడు. తెప్ప ఎక్కడం మానేశాడు. వలలు బాగుచేస్తూ, దారం సూదిలోకి ఎక్కించమని మనవరాలికి ఇచ్చేవాడట. ఊళ్ళోకి కళ్ళ డాక్టర్లు వస్తే ఇంటివాళ్ళు తీసుకెళ్ళారు. వయసుకు తగ్గట్టు బాగానే ఉన్నాయన్నారు వాళ్ళు. ఆ కుర్ర డాక్టర్లకేటి తెలుసు, టీచరమ్మే సెప్పింది అని నవ్వేశాడట. గుడ్డి పోలయ్య అని పిలిస్తే పలికేవాడు.

ఇంకా ఉంది, వినండి. నా థీసిస్‌లో అతను ఉన్నాడు. పేరు లేకుండా, ఒక వృద్ధ మత్స్యకారుడు అని. కంటిచూపు మీద ఆధారపడిన పాత హెచ్చరిక పద్ధతి ఎలా విఫలమవుతుందో చెప్పడానికి ఉదాహరణగా రాశాను. మౌఖిక పరీక్షకు వచ్చిన పెద్దమనిషి ఆ పేజీనే ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. నేను నమస్కారం పెట్టాను.

తరవాత నిజమైన తుఫాను కూడా వచ్చింది. పిల్లలు చెప్పారు, తల్లులు తెడ్లు దాచారు, పేట బతికింది. ఇప్పుడు మీలో దయగలవాళ్ళు ఉంటారు. ఒకడి చూపు పోతే పోయింది, అంతమంది ప్రాణాలు నిలిచాయి కదమ్మా, లెక్క సరిపోయింది అంటారు. నోరు ముయ్యండి. ఆ లెక్క నేనూ వేసుకున్నాను, చాలా ఏళ్ళు దాని మీదే బతికాను. పిల్లలకు నేర్పింది నిజం, అది నేర్పాలని ఇవాళ కూడా ఎవరితోనైనా పోట్లాడతాను. కానీ ఆ గుమ్మం దగ్గర ఆడిన అబద్ధం వల్ల ఒక్క ప్రాణం కూడా నిలవలేదు.

ఎనభైల చివర్లో పైడమ్మ, అప్పటికి మేం మారిన సబ్బవరం ఇంటికి వచ్చింది. పెళ్ళయింది, చంకలో బిడ్డ. తాత పోయాడని చెప్పింది. పోయే ముందు మంచం ఒడ్డున వేయించుకున్నాడట. అదేటే, ఓడా అని అడిగాడట. అవును తాతా, ఓడే అందట. కాదులే, నాకెక్కడ కనపడతాది, నాను అనుకుంతన్నాను అన్నాడట. ఆ మాట చెబుతూ పైడమ్మ నవ్వుతూనే ఏడ్చింది. చెప్పడానికి నాకు అంతకన్నా మంచి అదను దొరకదు. చెప్పలేదు. మజ్జిగ ఇచ్చి పంపాను.

పైడమ్మా, ఇది నీ కంట పడితే నన్ను ఏమన్నా అను, పడతాను, కాళ్ళు మాత్రం పట్టుకోను. పట్టుకోవాల్సిన మనిషి లేడు. ఆ సాయంత్రం మీ ఇళ్ళల్లో తెడ్లు దాచాక నేను వన్ టౌన్ వెళ్ళి మళ్ళీ మేడెక్కాను. అప్పటికైనా ఎక్కించి ఉంటారేమోనని ఆశ. మీ తాత వంపు దగ్గర నిలబడి చూసినదీ, నేను మేడ మీద నిలబడి చూసినదీ ఒకటే స్తంభం, అదే సాయంత్రం. దాని మీద ఏమీ లేదు. ఇద్దరికీ బాగానే కనపడింది.