చీర గార్డు తీసేసిన బండి

ఈ సంఘటన మా బంధువులందరికీ తెలుసు, కానీ తప్పుగా తెలుసు.

తొంభైల చివర్లో మేం మేడ్చల్‌లో ఉండేవాళ్లం. పాత మిలటరీ మోటార్‌సైకిల్ ఇంజనుకు తలోచోట దొరికిన సామాన్లు బిగించి సొంతంగా బండి తయారు చేయించుకున్నాను. అది బరువెక్కువై ఎత్తు ఎక్కలేక మూలిగేది. బరువు తగ్గించాలని టూల్‌బాక్సు, ముందు మడ్‌గార్డు తీసేశాను. వెనక చక్రం పక్కనుండే చీర గార్డుకు పానా పెట్టగానే మెకానిక్ యాదగిరి, "గది ఉండనీయన్నా. వదినె కూసుంటది గదా" అన్నాడు.

"మీ వదినె కొంగు దోపుకుంటది తియ్" అని విప్పేశాను.

ఆ ఆదివారమే నా భార్య సరోజను ఎక్కించుకుని దేవరయాంజాల్ గుడికి బయలుదేరాను. బండి తేలిగ్గా పోతుంటే మురిసిపోయాను. ఊరు దగ్గరపడ్డాక ఆమె చెయ్యి నా చొక్కాను గట్టిగా గుంజింది. తిరిగి చూస్తే కొంగు చక్రంలో చుట్టుకుని ఆమె మెడకు బిగిసింది. మాట రావడం లేదు. బ్రేకు వేసి కొంగు లాగాను, ఊడలేదు. చక్రాన్ని వెనక్కి తిప్పేదాకా మనిషి దక్కుతుందో లేదో తెలియలేదు.

దక్కింది. "కొంగు సూసుకోవద్దా బిడ్డా" అని మా అమ్మ ఆమెనే కోప్పడింది. నేను ఊరుకున్నాను. మెడ మీది మచ్చ కొన్ని నెలల్లో పోయింది, నింద మాత్రం పోలేదు. ఇంటికొచ్చే ప్రతి కొత్త కోడలికీ ఆమె అజాగ్రత్త గురించే చెప్పేవారు.

మొన్న మా చెల్లె మళ్లీ మొదలుపెడితే, "సరోజ తప్పేం లేదు. గార్డు నేనే తీసేసిన" అన్నాను. సరోజ చాయ్ గ్లాసు నా ముందు పెట్టి, "ఇన్నేండ్లకు నోరొచ్చిందా" అంది.