నెత్తుటి తేట గడ్డకట్టిన వేళ

కొత్తగా ఉద్యోగంలో చేరినవాడికి చదువు ఎక్కువగా, గుండె తక్కువగా ఉండే కాలమొకటి ఉంటుంది. పందొమ్మిది వందల నలభైలలో జహీరాబాద్ పశువుల దవాఖానలో నాది అదే కాలం. చుట్టుపక్కల ఊళ్లలో గొడ్డు చిక్కినా, మనిషి మూలిగినా బాణామతి అనేవారు. అంటే గిట్టనివాళ్లెవరో మంత్రం వేశారని. ఎవడైనా చేశాడని అనుమానం వస్తే, మళ్లీ మంత్రం పలకకుండా వాడి పళ్లు రాలగొట్టేవారట. (నా పళ్లంటే నాకు మొదటినుంచీ మక్కువ.)

న్యాల్‌కల్ వైపు ఒక ఊళ్లో, అందరూ 'ఎద్దుల అవ్వ' అనే ముసలామె ఎద్దు మేత మానేసి ఎండిపోతోందని కబురొస్తే పొద్దున్నే వెళ్లాను. ఎంత తడిమినా పైకి వాపు లేదు. నెత్తురు తీసి, గాజు గొట్టంలో గడ్డకట్టనిచ్చి, పైన తేలిన తేటను మరో గొట్టంలోకి వంచి, ఫార్మలిన్ చుక్కలు వేశాను. ఒంట్లో చీము చాలాకాలం దాగి ఉంటే నెత్తుట్లో కొన్ని ప్రోటీన్లు పెరుగుతాయనీ, అప్పుడా తేట జున్నులా బిగుసుకుంటుందనీ చదువుకున్నాను. కాసేపటికి నిజంగానే బిగుసుకుంది! ఆ సంబరంలో గొట్టాన్ని తలకిందులు చేసి అందరికీ చూపించాను. చుక్క కారలేదు.

జనం వెనక్కి జరిగారు. "నీళ్లసొంటిది రాయయ్యింది! సారే బాణామతి జేసిండు!" అని ఎవరో అరిచారు. కర్రలు లేచాయి. అవ్వ నా చొక్కా పట్టుకుంది.

"నా ఎద్దు పానం గా సీసల గట్టేసినవా?"

"లేదవ్వా, లోపల చీముంది" అన్నాను.

"యాడుంది? చూపియ్!"

పళ్ల మీద నాలుక తిప్పుకుంటూ ఎద్దును మళ్లీ తడిమాను. భుజం వెనక లోతుగా నొక్కేసరికి అది మూలిగి కాలు విసిరింది. అక్కడ కోస్తే చీము, దాని వెంట విరిగిన తుమ్మముల్లు బయటపడ్డాయి. అవ్వ నా చొక్కా వదిలి, "నొచ్చిందా బిడ్డా?" అంది, ఎద్దుతో.

కట్టు కట్టి, సంచీ సర్దుకుని జహీరాబాద్ దారి పట్టాను. వెనక అడుగుల చప్పుడు. తిరిగి చూస్తే కర్రలు పట్టుకున్న మనుషులు. "ఆగున్రి సారూ!" అన్నారు. నేను పరుగెత్తాను, వాళ్లూ పరుగెత్తారు. చెప్పు తెగి బోర్లా పడి, రెండు చేతులతో నోరు కప్పుకున్నాను.

"గట్ల ఉరుకుతరేంది సారూ? మా బర్రె సుత మేస్తలేదు. జర గా సీస తిప్పి చూడున్రి!" అన్నాడు ముందున్నవాడు, నన్ను లేపి దుమ్ము దులుపుతూ.

ఇప్పుడా దారిన పోతుంటే అప్పటి నేనైన ఆ బక్కపలచని కుర్రాడు ఇంకా నా ముందు పరుగెత్తుతున్నట్టే ఉంటుంది. 'ఆగు నాయనా, ఏం కాదు' అని కేకేయాలనిపిస్తుంది. కానీ వాడి సంగతి నాకు తెలుసు. పిలిస్తే ఇంకా జోరుగా పరుగెత్తుతాడు.