తోమిన ఇరవై పైసలు

ఫోన్ వచ్చేటప్పటికి నేను బెంజ్ సర్కిల్ దగ్గర బస్సులో నిలబడి ఉన్నాను. "నాన్న పోయారు. వచ్చెయ్," అన్నారు మా ఆయన. ఆ పొద్దునే వరండాలో కుర్చీలో కూర్చుని, "గొడుగు పెట్టుకున్నావా అమ్మా?" అని అడిగారు మా మామయ్యగారు. పెట్టుకోలేదు. పెట్టుకున్నట్టే తలూపి బయటపడ్డాను. నెల దాటింది. ఆయన పేరెత్తితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ చిన్న అబద్ధమే.

ఆయన బస్సు కండక్టరు. విజయవాడ నుంచి ఉయ్యూరు మీదుగా పామర్రు వెళ్ళే బస్సుల్లోనే సర్వీసంతా గడిచింది. రోజంతా అరచేతిలో పడే చిల్లరే ఆయనకు నాణేల పిచ్చి అంటించింది. నచ్చిన నాణెం కనబడితే, అంతే విలువైనది తన జేబులోంచి బ్యాగులో వేసి దాన్ని చొక్కా పై జేబులో దాచుకునేవారట. నేను కంకిపాడులో ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి ఆయన రిటైరయ్యారు. అత్తగారు అంతకు ముందే పోయారు.

ఆదివారం చర్చి నుంచి రాగానే వరండాలో పేపరు పరిచి, దాని మీద నాణేలు పోసి, మడత భూతద్దం తీసేవారు. తలకి కొబ్బరినూనె దట్టంగా రాసుకునే అలవాటు. ఆ నూనె బొటనవేలి నుంచి అద్దం అంచుకి ఎక్కేది. నాకేమో మరక కనబడితే చెయ్యి ఊరుకోదు. "ఇటివ్వండి మామయ్యగారూ, దీంట్లోంచి మీకేం కనబడుతోంది?" అని లాక్కుని కొంగుతో తుడిచేదాన్ని. వచ్చే ఆదివారానికి మరక మళ్ళీ హాజరు.

పాతవీ అరుదైనవీ ఏరుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. ఈయన వెతుకులాటంతా నాణెం మీద సంవత్సరం అంకె కింద ఉండే ఒక చిన్న గుర్తు కోసం. నాణెం ఏ టంకశాలలో తయారైందో అది చెబుతుంది. హైదరాబాదుదైతే నక్షత్రం, బొంబాయిదైతే పేకముక్కల్లో డైమన్ లాంటిది. ఆ గుర్తు రెండుసార్లు పడిన నాణెం దొరికితే ఆ రోజు ఆయనకు అన్నం కూడా గుర్తుండేది కాదు.

"నాణెం కొట్టడానికి అచ్చుంటది కదమ్మా," అని చెప్పేవారు. "దాని మీద బొమ్మా అంకెలూ అన్నీ వచ్చేశాక, ఈ గుర్తొక్కటీ ఓ మనిషి చేత్తో కొట్టేవాడు. చిన్న ఉలి లాంటిది పెట్టి, సుత్తితో ఒక్కటి. అది కాస్త పక్కకి పడిందనుకో, సరిగ్గా పెట్టి మళ్ళీ కొడతాడు. మొదటి దెబ్బ పూర్తిగా పోదు. ఇంక ఆ అచ్చులోంచి వచ్చే ప్రతి నాణేనికీ అది కనబడతానే ఉంటది."

"అంత జాగ్రత్తగా చేసే పనిలో తప్పెందుకు పడుతుందండీ?"

"టీ టైమయ్యుంటది," అనేవారు, నవ్వకుండా.

గుర్తు మసకగా కనబడిన ప్రతి నాణేన్నీ పట్టుకొచ్చి చూపించేవాళ్ళుండేవారు. "ఇది మిషను అదిరిందయ్యా. పక్కన చదునుగా ఉంది చూడు. మనిషి కొట్టిందైతే రెండోది కూడా నిండుగా లేస్తది," అని టీ ఇచ్చి పంపేవారు. ఎవరో ముక్కూమొహం తెలియని పనివాడి చెయ్యి తడబడిన ఆ ఒక్క క్షణమే ఆయనకు కావాలి.

ఆయన దగ్గరున్నవాటిలో గొప్పది తామరపువ్వు ఉన్న ఇరవై పైసల నాణెం. పామర్రులో పూలమ్మే ఒకావిడ టికెట్టు కోసం ఇచ్చిందట. ముదురు గోధుమరంగు పట్టి ఉండేది. డైమన్ వెనకాల సన్నగా మరో డైమన్.

ఆ ఇంట్లో నా మొదటి క్రిస్మస్ ముందు నాకు శుభ్రం చేసే పూనకం వచ్చింది. ఇత్తడి గ్లాసులు, కొవ్వొత్తి స్టాండ్లు అన్నీ చింతపండూ ఉప్పూ వేసి తోమాను. వరండాలో పళ్ళెంలో పదకొండు నాణేలు నల్లగా కనబడ్డాయి. మామయ్యగారు క్షౌరానికి వెళ్ళారు. తిరిగొచ్చి ఆశ్చర్యపోవాలని, కొబ్బరిపీచుతో వాటినీ తళతళలాడించి వరసగా ఆరబెట్టాను.

ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. తామరపువ్వు నాణెం తీసి అద్దంలో చాలాసేపు చూశారు.

"బాగున్నాయా మామయ్యగారూ?"

"మెరుస్తున్నాయమ్మా," అన్నారు.

నాణెం తోమితే ఇక దాన్ని సేకరించేవాళ్ళు చేత్తో కూడా ముట్టరని మధ్యాహ్నం మా ఆయన చెప్పారు. ఆ పాత రంగు మళ్ళీ రాదట, సన్నటి గీతలు అరిగిపోతాయట. ఏడ్చుకుంటూ వెళ్ళి మామయ్యగారి ముందు నిలబడ్డాను. "ఉన్నది ఉన్నట్టు ఉంచాలమ్మా, అంతే. నీకెవరూ చెప్పలేదుగా," అన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఆ నాణెం కూడా నాకు మళ్ళీ కనబడలేదు. పారేశారేమోననుకున్నాను. అడిగే ధైర్యం ఇరవయ్యేళ్ళలో ఒక్కరోజూ రాలేదు. ఒక్క మాట తిట్టినా నా మనసు తేలికపడేది.

తన ఆల్బములు విజయవాడలో ఉన్న నాణేల స్నేహితుడికి ఇవ్వమని మామయ్యగారు ముందే చెప్పారు. పోయిన వారం ఆ పెద్దాయన వచ్చి మా ముందే ఒక్కొక్కటీ తెరిచారు. మొదటి పేజీ, మొదటి గడిలో తామరపువ్వు. నా చేతి మెరుపు మచ్చలు మచ్చలుగా మాసి ఉంది.

"దీన్ని తీసెయ్యమని ఎన్నిసార్లు చెప్పానమ్మా," అన్నారు పెద్దాయన. "తోమిన నాణెం మొదటి పేజీలో పెడితే నలుగురూ నవ్వుతారయ్యా అంటే, నవ్వనియ్యి అనేవాడు."

ప్రతి నాణేన్నీ బిగించిన అట్టముక్క వెనకా మామయ్యగారు దాని వివరాలు రాసేవారు. అది తిప్పి చూశాను. వెలిసిపోయిన సిరాలో: "పామర్రు. పూలావిడ ఇచ్చింది. బొంబాయి గుర్తు, రెండు దెబ్బలు." దాని కింద వేరే సిరాలో: "మా కోడలు తోమింది. తన మొదటి క్రిస్మస్."

పెద్దాయన ఎదుటే ఏడ్చేశాను. ఆయన మిగతావన్నీ సంచిలో సర్దుకుని, ఆ ఒక్కటీ నా వైపు జరిపి వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి మామయ్యగారి కుర్చీలో కూర్చున్నాను. మొదటి దెబ్బ ఏమైనా మిగిలిందేమో చూద్దామని భూతద్దం విప్పాను. అంచున ఆయన బొటనవేలి నూనె మరక అలాగే ఉంది. కొంగు దాకా వెళ్ళిన చెయ్యి ఆగింది. తుడవకుండా, ఆ మరక పక్కనుంచే నాణెం చూశాను.