దేవుడి గది గోడకు కన్నం

బరంపురంలో మా ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. వీధివైపు మామగారి చీరల దుకాణం, వెనక హాలు, ఆ వెనక దేవుడి గది, చిట్టచివర మా గది. పక్కన నడవ ఉంది గానీ దానికి కప్పు లేదు. వైఫై రౌటరు దుకాణంలో పెట్టారు. సిగ్నలు హాలు దాటి వచ్చేది కాదు. పెళ్ళయిన కొత్తలో దాన్ని తెగ తిట్టుకునేదాన్ని. తర్వాత మాత్రం, ఆ రాని సిగ్నలే నన్ను కాపాడుతుందని ఆశపడ్డాను.

ఎందుకంటే అప్పటికి నాకు కొత్త బస్టాండు దగ్గర ఒక ఆఫీసులో ఉద్యోగం. తెలుగులోనూ ఒడియాలోనూ ఫోన్లకు జవాబు చెప్పడం. గొప్ప పనేం కాదు. కానీ పొద్దున ఆటో ఎక్కింది మొదలు సాయంత్రం దిగేదాకా నేను ఎవరి కోడల్నీ కాను. మధ్యాహ్నం పక్క సీటావిడతో కలిసి బండి దగ్గర నిలబడి దహీబరా, అంటే పెరుగు గారెలు, తినేదాన్ని. ఆవిడ ఒడియాలో తన అత్తగారిని తిట్టిపోసేది, నేను తెలుగులో నవ్వేదాన్ని. ఆ కాసేపటి కోసమే మిగతా రోజంతా గడిపేదాన్ని.

ఒకరోజు ఆఫీసువాళ్ళు, ఇంట్లో నెట్ బాగున్నవాళ్ళు ఇంటి నుంచే పనిచెయ్యండి, లేనివాళ్ళు రండి అన్నారు. ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది. నోరు జారాను. మా ఆయన సంబరపడిపోయి కేబులు మనిషిని పిలిపించారు.

"కొత్తది కొనక్కర్లేదండి. పాత రౌటరు ఉందేటండి? ఈ సివరిదాకా వైరు లాగి దానికి తగిలిత్తే సాలు," అన్నాడతను.

"నడవలోంచి లాగితే కోతులు పీకేస్తాయి. దేవుడి గది గోడకే కన్నం పెట్టాలి," అన్నాను వెంటనే. ఆ గదిలో సున్నం కూడా అత్తగారే వేసుకుంటారు, పనివాళ్ళను అడుగు పెట్టనివ్వరు. ఇక అక్కడితో ఆగిపోతుందనుకున్నాను. ఎంత తెలివైనదాన్నో అని లోలోపల మురిసిపోయాను కూడా.

శనివారం ఆఫీసు నుంచి వచ్చేసరికి దేవుళ్ళు హాల్లో ఉన్నారు. కొత్త చెక్క గూడు, పసుపు, బొట్లు, దీపం, అన్నీ అమరిపోయాయి.

"పంతుల్ని అడిగినాను. మంచిరోజేనన్నారు," అన్నారు అత్తగారు. "ఎండనక వాననక ఆ ఆటోల్లో ఎంత అవస్త పడతన్నావో నాకు తెల్దేటమ్మా? గోడకి కన్నం ఎట్టుకోనీ."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ప్రేమకు కొన్ని, కోపానికి కొన్ని. నాకు బయటికి వెళ్ళడమే ఇష్టం అని ఒక్క మాట అంటే సరిపోయేది. నా కోసం దేవుళ్ళనే కదిపిన మనిషితో ఆ మాట ఎలా అనను?

మర్నాడు కన్నం పడింది, వైరు వచ్చింది. పాత రౌటరు సెట్టింగులు మార్చడం ఇంట్లో నాకొక్కదానికే వచ్చు. ఏదో ఒకటి తప్పు నొక్కి, ఇది పనికిరాదని చెప్పేయొచ్చు. ఎవరికీ తెలీదు. వేలు అక్కడిదాకా వెళ్ళింది కూడా. కానీ అత్తగారు ఆ మోకాళ్ళ నొప్పులతోనే నేనెక్కిన స్టూలు పట్టుకుని నిలబడ్డారు. "వొచ్చిందేటమ్మా?" అని నిమిషానికోసారి అడుగుతున్నారు. సరిగ్గానే నొక్కాను. పచ్చ లైట్లు వెలిగాయి.

"వచ్చింది అత్తయ్యా," అన్నాను. ఆవిడ హాల్లోకి వెళ్ళి కొబ్బరికాయ కొట్టారు. నేను ఆఫీసుకు ఫోను చేసి చెప్పాను. అయితే రేపటి నుంచి రానక్కర్లేదన్నారు.

సోమవారం పొద్దున ఆవిడే మా గది ఊడ్చి, నాకు కుర్చీ వేసి, టీ గ్లాసు పక్కన పెట్టారు. మా గది తలుపు గాలికి తెరుచుకుపోతూ ఉంటుంది. బయటికి వెళ్ళి దగ్గరగా వేశారు.

"దుకానం గోల నీకు ఇనబడకండా గొళ్ళెం ఎట్టినానమ్మా. ఏటైనా కావలిస్తే పిలు," అన్నారు తలుపవతల నుంచి.

ఫోను మోగింది. హెడ్‌సెట్ తగిలించుకుని, రోజూ చెప్పే మాటే చెప్పాను. "నమస్కారమండీ, మీకు ఏ సాయం కావాలో చెప్పండి."