రామగిరి కింద కోడిపుంజు

ఈ రోజు రామగిరి ఖిల్లాకు ఒక్కణ్ణే వెళ్లొచ్చాను. ఏటా వానలు పడ్డాక తమ్ముడు కాసిం నాతో వచ్చేవాడు. కూలిన బురుజులన్నా, పచ్చటి గుట్టలన్నా వాడికి ప్రాణం.

దిగి వస్తుంటే కింది ఊళ్లో నేతపని చేసే లచ్చవ్వ, ఏటా మాకు అన్నం పెట్టే మనిషి, ఎదురొచ్చి ఇంటికి తీసుకుపోయింది. మేము హలాల్ తప్ప తినమని, కాసిం తన చేత్తో కోస్తాడని ఒక పుంజును సాదుతోంది.

"కాసిం ఏడన్నా? పుంజు తయారుగున్నది."

"ఎండకాలంల జ్వరమొచ్చి పానం పోయింది లచ్చవ్వా."

ఆమె వాకిట్లో కట్టేసిన పుంజు దగ్గరికి పోయింది. వంగి దాని కాలి తాడు విప్పింది.

"నువ్వు కొయ్యకు అన్నా. గా పుంజు ఆయన కోసం సాదింది. బత్కనియ్యి."

పప్పన్నం పెట్టింది. పొద్దున్నుంచి ఏమీ తినకపోయినా ఆకలి లేదన్నాను. ఆమె నమ్మలేదు, బలవంతమూ చేయలేదు.

పెట్టిన అన్నం ముట్టకుండా వచ్చినవాణ్ణి, వచ్చే వానలకు ఆ ఇంటికి ఏ ముఖంతో పోవాలి? మీరైతే పోతారా?