పెంకు మీద పేరు

సుందర్ రావు సారు నర్సంపేట బళ్లో ముప్పై ఒక్కేళ్లు సాంఘికశాస్త్రం చెప్పి, హనుమకొండలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. పిల్లలు పెట్టిన పేరు ఏథెన్సు సారు. పప్పులో ఉప్పు తక్కువైనా గ్రీసు దాకా వెళ్లొచ్చేవాడు మరి. కాలనీ జనానికి మాత్రం ఆయన ఉత్త 'సారు'. గోడ మీద పేరున్న పలక ఉండేది గానీ, భార్య సువార్తమ్మ నాటిన మల్లెతీగ దాన్ని ఎప్పుడో కప్పేసింది.

జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేశాక సారు బూందీ పొట్లాలకు చీమలు పట్టేదాకా మాట్లాడాడు. ఏథెన్సులో జనం కుండపెంకు మీద ఒక పేరు గీకేవారట. కారణం చెప్పక్కర్లేదు. ఎక్కువ పెంకులు ఎవరికి పడితే వాడు పదేళ్లు ఊరు విడవాలి. "పౌరుడు అన్న మాట అక్కడ మొలకెత్తింది, మన రాజ్యాంగంలో కాపుకొచ్చింది" అన్నాడు. ఆడవాళ్లకు, బానిసలకు అక్కడ పెంకు దక్కేది కాదన్న ముక్కను ఎప్పట్లాగే మింగేశాడు, కథ చెడుతుందని.

కాలనీ సంఘం అధ్యక్షుడు, ఇనుప సామాన్ల దుకాణం రాజేశ్వర్ రావు ఆ రోజు ఫోను జేబులో పెట్టుకుని మరీ విన్నాడు. సారుకు అనుమానం రావాల్సింది. సంతోషం వచ్చింది.

ఇద్దరికీ నడుస్తున్న తగాదా ఒక సందు గురించి. వెనక బస్తీవాళ్లు దవాఖానకైనా, బడికైనా ఆ సందులోంచే నడవాలి. దానికి గేటు పెట్టి తాళం వేద్దామని రాజేశ్వర్ రావు. కార్యదర్శి సంతకం లేనిదే గేటు లేవదు. కార్యదర్శి మన సారే. బాట అందరిదీ అని రెండు నెలలుగా కలం మూసుకుని కూర్చున్నాడు.

ఓ పొద్దున రాజేశ్వర్ రావే ఇంటికొచ్చాడు.

"సారూ, కమిటీల ఒకరి పెత్తనం ఎక్కువైతాందని అందరంటాండ్రు. మీ పెంకుల పద్ధతి పెడ్దామా? ఎవరికి ఎక్కువ పడితే ఆయన దిగిపోవుడే. లొల్లి ఉండది."

"ఎవరి పెత్తనం?"

"అది పెంకులే చెప్తయి గద. మీరే అన్నరు."

తన పాఠం ఒకడు గుర్తుంచుకున్నాడన్న పొంగులో సారు నియమాలు తనే రాశాడు. కుండలు తనే కొని పగలగొట్టాడు. చాలకపోతే సువార్తమ్మ పెరుగు కుండ కూడా.

"ఏసును సిలువెయ్యి, దొంగ బరబ్బను ఇడిపియ్యుమన్నది గూడ జనమే" అందామె పెంకులు చూస్తూ.

"అది రోమోళ్ల కాలం. ఇది గ్రీకు పద్ధతి."

"పోయేటోనికి ఏదైతేంది."

ఆ వారం చాయ్ బండి దగ్గరకు సారు వెళ్లగానే మాటలు ఆగేవి. బాగున్నారా అని ఒక్కొక్కరూ రెండుసార్లు అడిగేవారు. ఆదివారం చర్చి నుంచి వస్తుంటే సందు మొదట్లో గోడకు ఆనించి కొత్త గేటు కనిపించింది. నల్లరంగు ఇంకా తడిగానే ఉంది. పెంకులు వేసేది సాయంత్రం నాలుగింటికి.

సంఘం గదిలో ఒక పెట్టె పెట్టారు. ఇంటికో పెంకు. చాలామంది ఇంట్లోనే రాసుకొచ్చారు. ఆకుకూరలమ్మే పూలమ్మ మాత్రం ఖాళీ పెంకు, బొగ్గుముక్క పట్టుకుని సారు దగ్గరకొచ్చింది. ఆమె పెంకుటిల్లు కాలనీ కంటే పాతది. కూతురు బస్తీలో ఉంటుంది.

"సారూ, జర ఒక పేరు రాసియ్యి."

"ఎవరిది?"

"సుందర్ రావట."

సారు చేతిలో బొగ్గు ఆగింది. ఏథెన్సులో ఒక పల్లెటూరివాడు మనిషిని ఎరగక, ఒక ధర్మాత్ముడినే పట్టుకుని ఆయన పేరే రాసిమ్మన్నాడనీ, ఆయన కిమ్మనకుండా రాసిచ్చాడనీ పదో తరగతికి ఏటా చెప్పేవాడు.

"ఆయన నీకేం చేసిండు పూలమ్మా?"

"సందుకు గేటు పెట్టిస్తాండట. నా బిడ్డకాడికి నేనెట్ల పోవాలె? ఆ పేరు పడితే గేటు ఆగుతదని ఇనుప దుకాణం సేటు చెప్పిండు."

సారు ధర్మాత్ముడు కాడు. ఉండబట్టలేకపోయాడు.

"సుందర్ రావంటే నేనే. గేటు వద్దన్నది గూడ నేనే."

పూలమ్మ నవ్వింది. "నువ్వు సారువు గద. సదువు రానోళ్లను ఎక్కిరియ్యకు. రాయి, ఎనుకోళ్లు చూస్తాండ్రు."

పెట్టె పక్కన రాజేశ్వర్ రావు కిరసనాయిలు గుడ్డతో వేళ్ల నల్లరంగు తుడుచుకుంటున్నాడు. "పెట్టెకాడ ప్రచారం చేయొద్దని మీరే రాసిండ్రు సారూ" అన్నాడు మెత్తగా.

సారు మొదట 'రావు' అని రాశాడు. అది ఇద్దరికీ ఉన్నదే. దాని ముందు ఖాళీ మిగిలింది. ఏం రాసినా పూలమ్మకు తెలియదు. రాజేశ్వర్ అని పెడితే అడిగేవాడు లేడు. అయినా, నల్లబల్ల మీద రాసినంత గుండ్రంగా, 'సుందర్' అని పూర్తి చేశాడు.

ఆ ఒక్క పెంకూ అక్కర్లేకపోయింది. ముప్పై ఒకటిలో ఇరవై మూడు ఆయనకే. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుంటుంటే సారుకు తెలిసిపోయింది. పరీక్షల్లో కాపీలు పట్టిన కన్ను. పందొమ్మిది పెంకుల మీద ఉన్నది ఒకే చేతిరాత. అడగబోతే తను రాసిన నియమాలే అడ్డొచ్చాయి. కారణం అడగరాదు, రాసిందెవరో అడగరాదు. ఆ రెండో నియమం రాసినప్పుడు ఎంత మురిసిపోయాడో.

"సుందర్ రావు గారు దిగిపోవాలె" అన్నాడు రాజేశ్వర్ రావు. అందరూ సారు వైపు తిరిగారు. అందరూ ఎటు చూస్తున్నారోనని పూలమ్మా చూసింది. ముఖంలో నవ్వు మెల్లగా పోయింది.

"ముందే చెప్పరాదా సారూ?"

"చెప్పిన గద పూలమ్మా."

బయట గేటును సందులోకి ఈడుస్తున్న చప్పుడు మొదలైంది. పూలమ్మ గంప నెత్తినెత్తుకుంది. "తాళం పడకముందు బిడ్డను ఒక్కసారి చూసొస్త" అంటూ ఉరికింది.